హాజరు పట్టీలో మా ఇంటాయన పేరు

కరోనా సెలవుల తర్వాత బళ్ళు తెరిచిన రెండో ఏడు, మిరపకాయల కోతలు ఊపందుకున్న నెలలో, మా ఊరి ప్రాథమిక పాఠశాలలో సాయంత్రం బడికి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి అదే బడిలో నా సర్వీసు ఇరవై ఏళ్ళు దాటింది. కాగితం మీద నా పోస్టు పేరు ఫుల్ టైమ్ కాంటింజెంట్ వర్కర్. పేరు పొడుగే గానీ పని పొట్టిది. పొద్దున ఎనిమిదింటికి తాళం తీయాలి, గదులు ఊడవాలి, బిందెలు నింపాలి, గంట కొట్టాలి, సాయంత్రం మళ్ళీ తాళం వేయాలి. జీతం బిల్లులో ఆ పొడుగు పేరు, ఆఫీసు వాళ్ళకు స్వీపరు, ఊరికి ఆయా, పిల్లలకు అమ్మమ్మ. ఇంట్లో పెట్టిన పేరు రత్తమ్మ.

ఇప్పుడు రిటైరయ్యాను. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా మాట బండగా ఉంటుందనీ, అచ్చులోకి కొంచెం నునుపు చేస్తాననీ అంది. చేసుకోమన్నాను. ఎవరు ఏ మాట అన్నారో అది మాత్రం అన్నట్టే రాయమన్నాను.

మా ఊరు నరసరావుపేట నుంచి వినుకొండ వెళ్ళే దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళ్తే వస్తుంది. కోతల కాలంలో ఆడవాళ్ళు తెల్లవారుతూనే ఆటోలెక్కి పొలాలకు వెళ్తారు. తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. బడి వదిలేది నాలుగింటికి. మధ్యలో ఆ రెండున్నర గంటలూ పిల్లలు ఊరి మీద ఉంటారు. ట్రాక్టరు ట్రక్కులు ఎక్కుతారు, గేదెల తోకలు పట్టుకుంటారు, క్వారీ గుంటల్లో రాళ్ళు వేస్తారు. ఆ ఏడు ఇద్దరు చిన్నపిల్లలు వీరయ్య మిరప కల్లంలో దాగుడుమూతలాడుతూ కాయల కుప్ప మీది పట్ట కిందికి దూరారు.

వాళ్ళు సుబ్బులు పిల్లలు. సుబ్బులు కూలికి వెళ్తుంది. మొగుడు క్వారీ లారీ తోలతాడు, వారానికి ఒకసారి ఇంటికొస్తాడు. ముగ్గురు పిల్లల్లో పెద్దది నాలుగో తరగతి, రెండోవాడు రెండు, మూడోది ఒకటి. చిన్నవాళ్ళిద్దరూ కుప్పలోంచి బయటికొచ్చేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఊళ్ళో అందరూ వైద్యులే. ఒకరు మజ్జిగ పొయ్యమన్నారు, ఒకరు కొబ్బరినూనె రాయమన్నారు, ఒకరు చక్కెర చల్లమన్నారు. ఎవరినీ చిన్నబుచ్చడం ఎందుకని మూడూ చేశారు. మజ్జిగా, నూనే, చక్కెరా పూసుకుని పిల్లలిద్దరూ నైవేద్యానికి సిద్ధమైనట్టు తయారయ్యారు.

వీరయ్య ఆ ఇద్దరినీ చెరో చంకనా ఇరికించుకుని బడికి తెచ్చాడు. బడిని నడిపే హెడ్మాస్టరు మేడమ్ బస్సుకని బ్యాగు భుజాన వేసుకుని గేటు దగ్గరే ఉంది.

“ఏందమ్మా మేడమ్, మీరు బడి పెట్టుకుంది పిల్లకాయల్ని నా కల్లంలోకి తోలటానికా?” అన్నాడు వీరయ్య.

“నాలుగు దాటాక మా బాధ్యత కాదండీ,” అంది మేడమ్.

“మరెవురిదంట?”

ఈలోగా కబురంది సుబ్బులు చేను నుంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చీరాగానే పెద్దపిల్ల వీపు మీద ఒక్కటి వేసింది.

“ఈళ్ళని కనిపెట్టుకోమని చెప్పానా లేదా? రేపటి నుంచి నీకు బడీ లేదు, గిడీ లేదు. ముగ్గుర్నీ చేనుకి తీసకపోతా. గట్టు మీద కూచోని ఈళ్ళని చూసుకుందువుగాని.”

ఆ పిల్ల ఏడవలేదు. మేడమ్ వైపు తిరిగి, “యూనిట్ పరీచ్చ రాసినాక మానెయ్యొచ్చా మేడమ్?” అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. “మానేదేంది? గది తాళం నా కాడేగా ఉండేది. నాలుగింటికి ఏసే తాళం ఆరున్నరకి ఏస్తా. అందర్నీ ఈడే కూచోబెడతా. ఏమే సుబ్బులూ, అట్టయితే పంపుతావా?” అన్నాను.

“నువ్వుంటే పంపుతా అత్తా. నువ్వు మానేసిన రోజున నేనూ మానిపిస్తా,” అంది సుబ్బులు. ఇదీ ఒప్పందం.

గది తీసి కూర్చోబెట్టడం తేలికనుకున్నాను. ప్రభుత్వ గది నాలుగు దాటాక తెరవాలంటే దానికి పద్ధతి ఉంది. ముందు తల్లిదండ్రుల కమిటీ కూర్చుని తీర్మానం రాయాలి. దాన్ని మేడమ్ మండల విద్యాశాఖాధికారికి పంపాలి. ఆయన్ని మేం ఎమ్మీవో గారు అంటాం. ఆయన ఆఫీసు నుంచి ప్రొసీడింగ్స్ రావాలి, అంటే సంతకం పెట్టిన ఉత్తర్వు. పదిహేను రోజులకు వచ్చింది. మూడు నెలలు ప్రయోగం మీద నడపమన్నారు. అందరూ ఈ బడి పిల్లలే అయివుండాలి. రోజుకు ఇరవై మందికి తగ్గకూడదు. హాజరు పట్టీ రాయాలి. తనిఖీకి వచ్చిన రోజున ఇన్‌చార్జి స్వయంగా హాజరు పిలవాలి, పిల్లలు పలకాలి. ఇందులో ఏది తప్పినా గది మూసేయాలి.

మేడమ్ ఇరవై నాలుగు పేర్లు వరసగా రాసి పట్టీ నా చేతికిచ్చింది. నాకు చదువు పెద్దగా రాదు. అక్షరాలు గుర్తుపడతాను, కూడబలుక్కుని ఒక పేరు చదివేసరికి ఆ పేరు గలవాడు నీళ్ళు తాగి వస్తాడు. అందుకని ఏ వరస ఎవరిదో లెక్కపెట్టి గుర్తుంచుకున్నాను. వచ్చినవాళ్ళకు గీత, రానివాళ్ళకు సున్న.

చదువు రానిదానివి ఏం చదివించావని ఇప్పటికీ అడుగుతారు. నాకు రాదు కాబట్టే చదివించాను. సాయంత్రం బడిలో ప్రతి పిల్లా నాకు ఒక కాగితం చదివి పెట్టాలి. కరెంటు చీటీ, పురుగుమందు డబ్బా మీది కాగితం, మిక్సీ కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం, ఏదైనా సరే. చదివాక అందులో ఏముందో చెప్పాలి. నాకు అర్థం కాకపోతే మళ్ళీ చదవాలి. నాకు చాలాసార్లు అర్థమయ్యేది కాదు, నిజంగానే. ఆ దెబ్బకు ఒకటో తరగతి పిల్లలకు కూడా పురుగుమందు డబ్బా కంఠతా వచ్చింది. ఎక్కాలు పెద్దపిల్లలు చెప్పేవాళ్ళు, చిన్నవాళ్ళు తిరిగి అనేవాళ్ళు. ఎక్కడ గొంతులు సన్నబడితే అక్కడ తప్పు పోయిందని నాకు తెలిసిపోయేది. తల్లులు వంతు వేసుకుని గుగ్గిళ్ళు పంపేవాళ్ళు.

అంతా బాగానే ఉంది. చిక్కు హాజరు దగ్గర వచ్చింది.

మా ఇంటాయన పేరు కోటేశ్వరరావు. ఇప్పుడు ఇలా అనేశాను గానీ, పెళ్ళయిన దగ్గర నుంచి ఆ తనిఖీ రోజు దాకా నా నోటి వెంట ఆ పేరు రాలేదు. మా తరంలో మొగుడి పేరు ఎవరూ పలకరు. ఆయన బతికుండగా “ఏమయ్యా” అన్నాను, పోయాక “మా ఇంటాయన” అన్నాను. కోటప్పకొండ తిరునాళ్ళను “కొండ తిరునాళ్ళు” అంటాను. లెక్కల్లో లక్షల తర్వాత వచ్చే మాట పలకవలసి వస్తే “నూరు లక్షలు” అంటాను.

ఆయన కూడా ఇదే బడిలో ఇదే పోస్టులో పనిచేస్తూ పోయాడు. ఆయన పోయాక నాకు కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇచ్చారు. ఆ రోజు ఆఫీసులో గుమాస్తా భర్త పేరు అడిగాడు. కాగితంలో ఉందన్నాను. నోటితో చెప్పాలన్నాడు. శివుడి పేరన్నాను. ఏ శివుడన్నాడు. కొండ మీద శివుడన్నాను. గుమాస్తా శ్రీశైలంలో మొదలుపెట్టి, ఒక్కొక్క కొండే ఎక్కి దిగుతూ, చివరికి మా కొండ దగ్గరికి వచ్చాడు. నేను తల ఊపాను. వరసలో ఉన్నవాళ్ళంతా అమ్మయ్య అనుకున్నారు.

అలాంటి నాకు మేడమ్ ఇచ్చిన పట్టీలో కోటేశ్వరరావులు నలుగురు, కోటయ్యలు ఇద్దరు, శివకోటి ఒకడు, కోటమ్మ ఒకతె, కోటేశ్వరి ఒకతె. ఇరవై నాలుగు మందిలో తొమ్మిది మంది. మా వైపు కొండకు మొక్కుకోకుండా పిల్లలు పుట్టరు. మొక్కుకున్నాక వేరే పేరు పెట్టరు. సుబ్బులు పెద్దకూతురే ఆ కోటేశ్వరి.

మొదటి రోజు ఆ తొమ్మిది మందినీ వేలు పెట్టి చూపిస్తూ “నువ్వు, నువ్వు” అని గీతలు పెట్టాను. రెండో రోజు కూర్చునే చోట్లు మారారు. మూడో రోజు ఉపాయం ఆలోచించాను. ఎవరి అమ్మ ఏ ఊరి ఆడపడుచో ఆ ఊరి పేరు బిడ్డకు పెట్టాను. చిలకలూరిపేట వాళ్ళమ్మాయి కొడుకు పేటోడు. బొల్లాపల్లి పిల్లవాడు బొల్లాపల్లోడు. సుబ్బులు పుట్టిల్లు శావల్యాపురం, కాబట్టి దాని కూతురు శావల్యాపురం. ఇంకా మాచర్లోడు, గురజాల, ఈపూరోడు, అలాగ. ఒక పిల్లవాడి తల్లి మా ఊరి మనిషే, మేనరికం. వాడికి మనూరోడని పెట్టాను. వాడు మాత్రం తనకు ఊరే లేకుండా చేశానని వారం రోజులు అలిగాడు.

ఇంకొక చిక్కు ఉంది. ఆటల్లో పిల్లలు తిట్టుకుంటారు. “ఒరేయ్ కోటిగా, దొంగసచ్చినోడా” అని నా ఎదురుగా అంటుంటే ఎలా వినడం? అందుకని ఒక రూలు పెట్టాను. నాలుగు దాటాక, ఈ గేటు లోపల, ఎవరూ ఆ పేరు అనకూడదు. ఎవరైనా పిలిచినా పలకకూడదు. అన్నవాళ్ళూ పలికినవాళ్ళూ ఆ సాయంత్రం గది ఊడవాలి. మొదట్లో కొందరు ఊడ్చారు. పెద్దపిల్లలు చాటు నుంచి పిలిచి, చిన్నవాళ్ళను పలికించి, చీపురు చేతికిచ్చి నవ్వేవాళ్ళు. నెల తిరిగేసరికి ఎవరు ఎంత మాయ చేసి పిలిచినా ఒక్కడూ పెదవి కదపడం లేదు. బడిలో అంత క్రమశిక్షణ నేను పగలు ఎన్నడూ చూడలేదు. నా మీద నాకే గౌరవం పెరిగింది.

మూడో నెల ఆఖరి వారంలో ఎమ్మీవో గారు తనిఖీకి వచ్చారు. ముందుగా చెప్పి రాలేదు, అది వాళ్ళ పద్ధతి. సాయంత్రం ఆరు గంటలకు మోటారు సైకిలు మీద వచ్చి, మిరప ఘాటుకు ఆరేడు తుమ్ములు తుమ్మి, కుర్చీ వేయించుకున్నారు. మేడమ్ అప్పటికే బస్సెక్కేసింది. ఫోను చేస్తే ఎత్తలేదు. పిల్లల వివరాలుండే అడ్మిషన్ రిజిస్టరు బీరువాలో ఉంది, బీరువా తాళం మేడమ్ బ్యాగులో ఉంది. ఇరవై నలుగురు పిల్లలు, నేను, ఆయన, హాజరు పట్టీ. ఇంతే.

“హాజరు పిలవండమ్మా,” అన్నారు.

నేను లేచి నిలబడి పిలిచాను.

“అంజలి!”

“ఉన్నా!”

“దుర్గాప్రసాదు!”

“ఉన్నా!”

“పేటోడు!”

“ఉన్నా!”

“బొల్లాపల్లోడు!”

“ఉన్నా!”

“శావల్యాపురం!”

“ఉన్నా అమ్మమ్మా!”

“మాచర్లోడు!”

ఆయన చెయ్యి ఎత్తారు. “ఆగండాగండి. ఇది హాజరా, బస్టాండులో మైకా?”

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన పట్టీ మీద వేలు పెట్టి వెతికారు. అందులో బొల్లాపల్లి లేదు, మాచర్లా లేదు. “ఈ పిల్లాడిది బొల్లాపల్లా?” అని అడిగారు.

అబద్ధం ఎందుకని, “వాళ్ళమ్మది సారూ,” అన్నాను.

“మరి ఈడిది?”

“అమ్మది అయినాక వాడిది కాకుండా పోతదా సారూ?”

ఆయన మొహం గట్టిపడింది. “ఓహో. ఇరవై మందిని చూపించాలని పక్క మండలాల నుంచి పిల్లల్ని తెప్పించారా? దేంట్లో తెచ్చారు, ఆటోలోనా?”

నేను ఎంత చెబితే అంత చిక్కుపడింది. చివరికి ఆయనే పట్టీ ముందు పెట్టుకుని పిలవడం మొదలుపెట్టారు. “కోటేశ్వరరావు!”

పేటోడు పెదవులు బిగబట్టి పైకప్పు చూస్తున్నాడు. మనూరోడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆయన సున్న పెట్టారు. ఇంకొక కోటేశ్వరరావు, ఇంకొక సున్న. కోటయ్య, సున్న. కోటమ్మ, సున్న. “కోటేశ్వరి!” అన్నప్పుడు ఆ పిల్ల నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, తల దించుకుంది. సున్న. నా కళ్ళెదుట తొమ్మిది మంది కూర్చుని ఉండగా తొమ్మిది సున్నాలు పడ్డాయి.

“ఇరవై నాలుగులో తొమ్మిది పోతే పదిహేను,” అని ఆయన గది మూసేయమని రాయడానికి తెల్లకాగితం తీసుకున్నారు.

“పలకండిరా!” అని అరిచాను.

మాచర్లోడు అందరిలోకీ చిన్నవాడు. “మేం పలకం. పలికితే చీపురిస్తావు. మాకు తెలీదా?” అన్నాడు. మిగతావాళ్ళు వాణ్ణి మెచ్చుకుంటూ చూశారు.

“చీపురేంది?” అన్నారు ఎమ్మీవో గారు.

రూలు సంగతి చెప్పాను. ఆయన కలం కింద పెట్టారు. “పేరు పెట్టి పిలిస్తే పలకొద్దని బళ్ళో నేర్పుతున్నారా?”

“అన్ని పేర్లకీ కాదు సారూ. ఆ ఒక్క పేరుకే.”

“ఆ పేరు ఏం పాపం చేసింది?”

“మా ఇంటాయన పేరు సారూ.”

“తొమ్మిది మందిదీ మీ ఆయన పేరేనా?”

“శివుడి పేరు సారూ. ముందు ఆయన పెట్టుకున్నాడు, తర్వాత మా ఆయన, ఆ తర్వాత ఈళ్ళు.”

ఆయన నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు. అప్పటికి ఆరున్నర కావస్తోంది, ఆటోలు వచ్చాయి. ఆడవాళ్ళు మొహాలకు కట్టుకున్న గుడ్డలు విప్పుకుంటూ గేటు దగ్గర ఆగారు. సుబ్బులు లోపలికొచ్చి, “ఏందత్తా, ఎంతమంది ఉన్నారంట?” అని అడిగింది.

“పదిహేను మందంట.”

“ఎంతమంది ఉండాల?”

“ఇరవై.”

సుబ్బులు కూతురి సంచి తీసి భుజాన వేసుకుంది. “పదవే. రేపటి నుంచి చేనుకే.”

ఆ పిల్ల లేవలేదు. “హాజరు ఇంకా అయిపోలేదమ్మా. సారు సంతకం పెట్టలేదుగా,” అంది.

ఎమ్మీవో గారు దాని వైపు చూశారు. తర్వాత నాతో అన్నారు: “చూడమ్మా, ఆఖరి మాట. ప్రొసీడింగ్స్‌లో ఏముంది? ఇన్‌చార్జి పిలవాలి, పిల్లలు పలకాలి. పట్టీలో ఉన్న పేరు ఉన్నట్టు నువ్వు పిలువు. పలికితే సున్న కొట్టేస్తా. లేదంటే సంతకం పెట్టి పోతా. నా బండికి లైటు కూడా సరిగ్గా ఎలగదు.”

పట్టీ నా చేతికిచ్చారు. నాకు దాహం వేసింది, నీళ్ళు తాగాను. మళ్ళీ దాహం వేసింది. గేటు దగ్గర ఆడవాళ్ళు రెండు జట్లయ్యారు.

“అనేయ్ అత్తా, పోయినాయనేగా! ఏమనుకుంటాడు?”

“పోయినాయన కాబట్టే అనకూడదే. బతికున్నోడైతే సర్ది చెప్పుకోవచ్చు.”

“ఊరుకోండే, నన్ను అననీయండి!” అని కసిరి, నోరు తెరిచాను. “కో” అన్నాను. అక్కడే ఆగిపోయింది. వెనక వరసలో ఎవడో “కొక్కొరోకో” అన్నాడు. పిల్లలంతా ముందుకు వంగి నా నోట్లోకి చూస్తున్నారు. సుబ్బులు భుజం మీద సంచి అలాగే ఉంది.

నా గొంతు మామూలు గొంతు కాదు. బడి గంట పగిలిపోయిన ఏడాది కొత్త గంట వచ్చేదాకా నేనే గంట. ఇంక ఆలోచించకుండా కళ్ళు మూసుకుని, ఆ గొంతంతా పెట్టి అరిచాను.

“కోటేశ్వరరావూ!”

బయట రోడ్డు మీద పోతున్న ట్రాక్టరు కీచుమని ఆగింది. దాన్ని తోలే కోటేశ్వరరావు గోడ మీంచి తల పెట్టి, “ఏందత్తా, ఏమయింది?” అన్నాడు. గదిలో పిల్లలు బిగుసుకుపోయారు. నా పక్కన కుర్చీలోంచి ఎమ్మీవో గారు సగం లేచి, “ఆఁ, వస్తన్నా!” అన్నారు.

నేను కళ్ళు తెరిచాను. ఆయన మెల్లగా మళ్ళీ కూర్చున్నారు. జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

“మీ పేరూ అదేనా సారూ?” అన్నాను. ఆయన కాగితాల మీద పెట్టే సంతకం వానపాములా ఉంటుంది. అందులో ఏ పేరుందో ఎవరికీ తెలియదు.

“మా తాత పేరు,” అన్నారు ఆయన. “మామగారి పేరని మా అమ్మ నన్ను ఇంతవరకూ ఆ పేరుతో పిలవలా. ఇంటి కాడ నేను చిన్నోణ్ణి,” అన్నారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. తలంతా నెరిసిపోయింది. మాచర్లోడు ఆయన్ని కిందా మీదా చూసి, “చిన్నోడంట!” అని పక్కవాడికి చెప్పాడు. ఇంక గదిలో ఎవరూ ఆగలేదు. గేటు దగ్గర ఆడవాళ్ళు గోడకు ఆనుకుని నవ్వారు. ఎమ్మీవో గారు కూడా నవ్వారు. మళ్ళీ తుమ్ములు పట్టుకున్నాయి.

నవ్వులు తగ్గాక మాచర్లోడే లేచి నిలబడ్డాడు. “అమ్మమ్మా, నువ్వు ఆ పేరు అన్నావు. చీపురు నువ్వే పట్టాల.”

“పడతాలేరా. నా ఉద్యోగమే అది,” అన్నాను.

ఆ తర్వాత కష్టం లేదు. మొదటిసారి అన్న పేరు రెండోసారి తేలిక. ఇంటిపేర్లు ఎమ్మీవో గారు అందిస్తుంటే తొమ్మిది పేర్లూ వరసగా పిలిచాను. పేటోడు లేచి, చీపురు వైపు ఒకసారి చూసుకుని, “ఉన్నా” అన్నాడు. ఒకడి తర్వాత ఒకడు పలికారు. కోటేశ్వరి అందరికంటే గట్టిగా పలికింది. హాజరు పట్టీలో కొట్టివేత ఉంటే పక్కన అధికారి పొట్టి సంతకం ఉండాలి, లేకపోతే చెల్లదు. ఆయన తొమ్మిది సున్నాలూ కొట్టేసి తొమ్మిది వానపాములు పెట్టారు. కింద రిమార్కుల్లో రెండు వాక్యాలు రాసి నాకు చదివి వినిపించారు. సాయంత్రం బడి కొనసాగించవచ్చు. ఇకపై నమోదు పేరు పక్కన పిలుపు పేరు కూడా రాయవలెను.

“నోటితో మాత్రం నీ ఇష్టం వచ్చినట్టు పిలుచుకో. కాకపోతే పుస్తకంలో రెండూ ఉండాల. నా తర్వాత వచ్చే ఆఫీసరు ఏ ఊరోడో,” అన్నారు.

సుబ్బులు సంచి తీసి మళ్ళీ కూతురి పక్కన పెట్టింది. “పొయ్యి అంటించి, నీళ్ళు పోసుకోని వస్తా అత్తా. అందాకా ముగ్గుర్నీ ఈడే ఉండనీ,” అని వెళ్ళిపోయింది. నేను గది ఊడ్చాను. పిల్లలు నిలబడి, మూలలు వదిలేశావని చెప్పి ఊడిపించారు.

మర్నాడు మేడమ్ పట్టీలో కొత్త గడి గీసి, ప్రతి పేరు పక్కనా పిలుపు పేరు రాసింది. మనూరోడి దగ్గర మాత్రం వాణ్ణే అడిగి రాసింది. వాడు హైదరాబాదు అని రాయించుకున్నాడు. పలకకూడదనే రూలు తీసేశాను. ఆ వారం ఊళ్ళో నేను మొగుడి పేరు అరిచిన సంగతి తప్ప వేరే మాట లేదు. మా ఇంటాయన కలలోకైనా వచ్చి అడగలేదు. ట్రాక్టరు కోటేశ్వరరావు మాత్రం కనిపించినప్పుడల్లా “పిలిచావా అత్తా?” అంటాడు, ఇప్పటికీ.

సాయంత్రం బడి నేను రిటైరయ్యేదాకా నడిచింది, ఇప్పుడు ఇంకొకరు నడుపుతున్నారు. కోటేశ్వరి చేనుకు పోలేదు. హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది, సైకిలు మీద వెళ్తుంది.

ఆ తనిఖీలో నేను నేర్చుకున్నది ఇది. గది, తాళం, గుగ్గిళ్ళు ఉంటే పిల్లలు వస్తారు. వచ్చినట్టు రుజువు కావాలంటే మాత్రం పిలిచే మనిషి నోటికి వచ్చే పేరూ, పలికే పిల్ల చెవికి ఎక్కే పేరూ, కాగితం మీది పేరూ మొదటి రోజే ఒకచోట రాసి పెట్టుకోవాలి. నేను మూడు నెలలు ఆలస్యంగా రాయించాను. ఆ ఆలస్యానికి ఇంకొక పది నిమిషాలు కలిసి ఉంటే, ఒక పిల్ల చదువు తొమ్మిది సున్నాల కింద పోయేది.